పది కిలోల పాపకు ఎంత మందు?

పాప బరువు 10 కిలోలు. రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతోంది. చీటీలో పారాసెటమాల్ అని ఉంది. మందుల షాపు అరల్లో ఆ పేరుతో మూడు రకాల సీసాలు ఉంటాయి. ఒకదాంట్లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు. ఇంకోదాంట్లో అదే 5 మిల్లీలీటర్లకు 250. మూడోది చుక్కల మందు, దాంట్లో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఈ పాపకు ఒక విడతకు పట్టాల్సింది 150. మొదటి సీసా అయితే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3, చుక్కల మందైతే ఒకటిన్నర. చుక్కల సీసా చేతికిచ్చి ‘‘ఆరు ఎంఎల్ పట్టండమ్మా’’ అని పంపితే పాప కడుపులోకి ఒకేసారి 600 మిల్లీగ్రాములు వెళతాయి. రోజుకు నాలుగుసార్లు అలాగే పడితే కాలేయం చెడిపోయే ప్రమాదం ఉంది.

లెక్కగా చూస్తే ఇది ఐదో తరగతి పిల్లలు చేసేదే. కానీ ఆ క్షణంలో, ఆ రద్దీలో, ఏడుస్తున్న పాపను భుజాన వేసుకున్న తల్లి ఎదురుగా నిలబడి, సీసా మీద సన్నటి అక్షరాలు చూసి, బరువు అడిగి, మిల్లీలీటర్లలోకి మార్చి, కొలత గొట్టం చూపించి చెప్పాలంటే అలవాటు కావాలి. ఆ అలవాటు కాలేజీలో పడాలి. డాక్టరు రాసిన చీటీకీ పాప నోటికీ మధ్య ఆఖరుగా నిలబడే చదువుకున్న మనిషి ఫార్మసిస్టే. ఆ మనిషిని తయారుచేస్తున్న మన విశ్వవిద్యాలయ కోర్సుల్లో పిల్లలకు దొరుకుతున్న చోటెంత?

ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో బైపీసీ చదివినవాళ్లూ ఎంపీసీ చదివినవాళ్లూ ఫార్మసీ సీట్లలో చేరతారు. రెండేళ్ల డీ ఫార్మసీ ఉంది, నాలుగేళ్ల బీ ఫార్మసీ ఉంది, ఆరేళ్ల ఫార్మ్ డీ ఉంది. మందు ఎలా పుడుతుందో, ఎలా నిలవ ఉంటుందో, ఒంట్లో ఏం చేస్తుందో ఈ కోర్సుల్లో చాలా లోతుగా చెబుతారు. అది ఎవరి ఒళ్లు అన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి పాఠం తడబడుతుంది. ఎక్కువ లెక్కలు 70 కిలోల మగమనిషిని ఊహించుకుని కట్టినవే. మూడు కిలోల పసిగుడ్డు, పద్నాలుగేళ్ల ఆడపిల్ల ఒకటి రెండు పేజీల్లో వచ్చి వెళ్లిపోతారు.

దీనికి చరిత్రలో కారణం ఉంది. 1930-31లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా నాయకత్వంలోని ఔషధ విచారణ సంఘం దేశంలో కల్తీ మందులు, చదువులేని కాంపౌండర్ల సంగతి బయటపెట్టింది. ఆ వెంటనే 1932లో మహాదేవ లాల్ ష్రాఫ్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువుకు శ్రీకారం చుట్టారు. విదేశీ సీసాల మీద బతుకుతున్న దేశానికి అప్పుడు సొంత మందులు కావాలి. కాబట్టి ఆ చదువు రసాయనశాస్త్రం వైపు, కర్మాగారం వైపు మొగ్గింది. మన దగ్గరా అంతే. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో 1950ల తొలినాళ్లలో ఫార్మసీ మొదలైంది, తర్వాత కాకతీయలో వచ్చింది. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ లేచాక హైదరాబాద్ మందుల తయారీకి రాజధాని అయింది. ఫార్మసీ పట్టా పుచ్చుకున్న తెలుగు కుర్రాడికి కనిపించిన దారి ఫ్యాక్టరీ గేటు వైపే ఉండేది. అది దేశానికి మేలు చేసిన దారి, సందేహం లేదు. రోగి మంచం వైపు మాత్రం దారి పడలేదు.

ఆ దారి వేద్దామనే 2008లో ఫార్మ్ డీ వచ్చింది. ఐదేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. 300 పడకల ఆసుపత్రితో అనుబంధం లేనిదే కాలేజీకి అనుమతి ఉండదు. వార్డు రౌండ్లలో డాక్టర్ల వెంట తిరగాలి, చీటీల్లో ఒక మందుకూ ఇంకో మందుకూ పడనివి పట్టుకోవాలి, రోగితో మాట్లాడాలి. అమెరికాలో ఫార్మసిస్టుగా లైసెన్సుకు ప్రయత్నించే విదేశీ పట్టభద్రులకు కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలన్న షరతు కూడా తెలుగు పిల్లలను దీనివైపు లాగింది. కారణం ఏదైనా మంచి కోర్సే. కానీ నిబంధనల్లో ఒక వాక్యం చదివితే మనసు చివుక్కుమంటుంది. అనుబంధ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ తప్పనిసరి. దానితోపాటు శస్త్రచికిత్స, పిల్లల వైద్యం, ప్రసూతి, మానసిక వైద్యం, చర్మవ్యాధులు, ఎముకల విభాగాల్లో ఏవైనా మూడు ఉంటే చాలు. ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మిగతా ఆరు నెలలు మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు. అంటే ఒక్క రోజు కూడా పిల్లల వార్డులో నిలబడకుండా ఒక విద్యార్థి ఆరేళ్లు పూర్తి చేసి, పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు. రెండో ఏడాది ఫార్మకోథెరప్యూటిక్స్‌లో పిల్లలకు మందులు రాసే పద్ధతులని ఒక అంశం ఉంది. వృద్ధులు, గర్భిణులు, పాలిచ్చే తల్లులతో కలిపి అది ఒకే అధ్యాయంలో సర్దుకుంది.

ఇంకో గోడ కూడా ఉంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఫార్మసీ కాలేజీలు ఎక్కువగా జేఎన్‌టీయూలు, ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా వంటి విశ్వవిద్యాలయాల కింద నడుస్తాయి. పిల్లల వైద్యం చదివే ఎండీ విద్యార్థి, శిశు ఆరోగ్య నర్సింగ్ చదివే అమ్మాయి వరంగల్‌లోని కాళోజీ, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల కింద ఉంటారు. పరీక్షలు వేరు, సిలబస్ కమిటీలు వేరు. కర్ణాటకలో రాజీవ్ గాంధీ, తమిళనాడులో ఎంజీఆర్, కేరళ ఆరోగ్య విశ్వవిద్యాలయాల్లో వైద్యం, నర్సింగ్, ఫార్మసీ ఒకే గొడుగు కింద ఉన్నాయి. గొడుగు ఒకటైనంత మాత్రాన అంతా చక్కబడిపోదు. కానీ ఒకే బల్ల చుట్టూ కూర్చునే వీలైనా ఉంటుంది. మన దగ్గర పిల్లల గురించి తెలిసినవాళ్లు ఒక చోట, మందు గురించి తెలిసినవాళ్లు ఇంకో చోట చదువుకుంటూ, ఉద్యోగంలో చేరాక చీటీల మీద మాత్రమే ఒకరికొకరు తారసపడుతున్నారు.

పసి ఒంట్లో మందు నడక

పెద్దవాళ్ల మోతాదును బరువును బట్టి తగ్గిస్తే పిల్లల మోతాదు వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. పసి ఒళ్లు అలా నడవదు. పుట్టిన బిడ్డ బరువులో దాదాపు మూడొంతులు నీరే. నీటిలో కరిగే మందు ఆ ఒంట్లో పలచబడిపోతుంది, అందుకే కొన్ని యాంటీబయోటిక్‌లు కిలో లెక్కన పెద్దవాళ్లకంటే ఎక్కువే పడాలి. కాలేయంలో మందును విరగ్గొట్టే ఎంజైములు అప్పటికి సగం నిద్రలో ఉంటాయి. మూత్రపిండాల వడపోత పెద్దల స్థాయికి చేరడానికి సుమారు ఏడాది పడుతుంది. కాబట్టి ఎక్కువ మోతాదు వేసినా రెండు విడతల మధ్య ఎడం పెంచాలి. రెండు మూడేళ్ల వయసుకు ఈ బొమ్మంతా తిరగబడుతుంది. అప్పుడు కాలేయం ఎంత చురుగ్గా ఉంటుందంటే ఫెనిటాయిన్, థియోఫిలిన్ వంటివి కిలోకు పెద్దవాళ్లకంటే ఎక్కువ ఇస్తే తప్ప రక్తంలో నిలవవు. మళ్లీ యవ్వనం మొదలయ్యాక లెక్క మారుతుంది. ఒకే పిల్లకు, ఒకే మందుకు, పదేళ్లలో మూడు రకాల లెక్కలు!

ఈ పాఠం ప్రపంచానికి చాలా ఖరీదుకు వచ్చింది. మన పెద్దలకు టైఫాయిడ్ మందుగా బాగా తెలిసిన క్లోరాంఫెనికాల్‌ను 1950లలో నెలలు నిండని పిల్లలకు, ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చారు. నాలుగైదు రోజులకు బిడ్డ పాలు మానేసి, పొట్ట ఉబ్బి, ఒళ్లు బూడిద రంగుకు తిరిగి ప్రాణం వదిలేది. ఆ మందును కరిగించి బయటికి పంపే ఎంజైము అంత పసి కాలేయంలో ఇంకా తయారుకాలేదన్న సంగతి 1959 నాటికిగాని తేలలేదు. అమెరికా వైద్యుడు హ్యారీ షిర్కీ 1960లలో పిల్లలను చికిత్సా అనాథలని పిలిచింది ఇలాంటివన్నీ చూసే. పెద్దల మీద పరీక్షించి, పిల్లలకు అంచనాగా వాడుతున్న మందులు ఇవాళ్టికీ ఎన్నో ఉన్నాయి.

తీపి సీసాలో విషం

మోతాదు సరిగ్గా ఉన్నా సీసాలో ఉన్నది మందే కాకపోతే? 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ అనే మందును పిల్లలు కూడా తాగేలా ద్రవంగా చేయాలనుకుంది. అది నీళ్లలో కరగదు. కంపెనీ రసాయన నిపుణుడు డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, రాస్‌బెర్రీ రుచి కలిపాడు. రంగు, రుచి, వాసన చూశారు, విషమా కాదా అని చూడలేదు. వంద మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఎందరో ఉన్నారు. మందు అమ్మేముందు భద్రమని రుజువు చేయాలన్న చట్టం అక్కడ 1938లో వచ్చింది ఆ చావుల తర్వాతే.

అప్పటి నుంచి అదే విషం మన దేశంలో మళ్లీ మళ్లీ తిరిగొస్తూనే ఉంది. 1986లో ముంబయిలో, 1998లో గుర్‌గావ్‌లో, 2019-20 శీతకాలంలో జమ్మూ దగ్గర రామ్‌నగర్‌లో. 2022లో మన దేశపు సిరప్‌లు తాగి గాంబియాలో సుమారు 70 మంది పిల్లలు పోయారు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు మందు తాగి 20 మందికి పైగా పసివాళ్లు కన్నుమూశారు. ఆ సిరప్‌లో ఆ విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రయోగశాల తేల్చింది. అనుమతించే హద్దు 0.1 శాతం. సిరప్‌కు చిక్కదనం, తీపి ఇచ్చే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ స్థానంలో పరిశ్రమల్లో వాడే చవక సరుకు చేరితే జరిగేది ఇదే. ఒంట్లో అది విరిగి డైగ్లైకాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను కాల్చేస్తుంది. బిడ్డకు మూత్రం ఆగిపోతుంది. దగ్గు తగ్గుతుందని తల్లి తన చేత్తో పట్టిన మందు అది.

బీ ఫార్మసీ మొదటి సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థీ నెస్లర్ సిలిండర్లు పక్కపక్కన పెట్టి క్లోరైడ్, సల్ఫేట్, ఇనుము మలినాలు హద్దు దాటాయో లేదో తేల్చే పరీక్షలు చేస్తాడు. రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని, మర్చిపోతాడు. ఆ సిలిండర్ల పక్కనే ఛింద్వాడా కథ చెప్పే అధ్యాపకుడు ఉంటే ఆ పరీక్ష ఎందుకో జన్మలో మర్చిపోడు. వచ్చిన ప్రతి పీపా ముడిసరుకునూ పరీక్షించి, సంతకం పెట్టననే ధైర్యం ఉన్న ఒక్క నాణ్యతాధికారి ఆ పిల్లలందరినీ బతికించి ఉండేవాడు. ఇది శిశు ఆరోగ్య పాఠం కాదని ఎవరంటారు?

అసలు చిన్నపిల్లలకు ఆ దగ్గు మందుల అవసరమే చాలావరకు లేదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పింది. రెండేళ్లలోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా వద్దని 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ హెచ్చరించింది. ‘‘దీనికి మందు వద్దమ్మా, గోరువెచ్చటి నీళ్లు పట్టండి, ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి’’ అని చెప్పి అమ్మకం వదులుకోవడం కూడా ఈ వృత్తిలో భాగమే. దాన్నీ తరగతి గదిలోనే నేర్పాలి.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

మందు, పసిబిడ్డ ఒకే చోట కలిస్తే ఏమవుతుందో చూపించిన మనిషి మనవాడే. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. 1923లో అమెరికా వెళ్లారు, 1940లో లెడర్లీ కంపెనీలో పరిశోధనకు చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అదే సమయంలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో కళ్లముందే రాలిపోతున్న బిడ్డలను చూస్తున్నారు. ఫోలిక్ ఆమ్లం జాతి మందులిస్తే వ్యాధి ఇంకా ఉరకలేస్తోందని ఆయన గమనించారు. అలాగైతే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు కావాలి. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ చేసి పంపింది. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఉంది. పిల్లల వార్డులో ఒకరు చూశారు, ప్రయోగశాలలో ఒకరు చేశారు, ఇద్దరి మధ్య ఉత్తరాలూ సీసాలూ తిరిగాయి. మన కోర్సులకు ఇంతకంటే మంచి నమూనా నాకు కనిపించదు.

మందు చేయడంలోనే పిల్లల కోసం తలబద్దలు కొట్టుకోవాల్సిన పని ఎంతో మిగిలి ఉంది. క్షయ వచ్చిన పసివాళ్లకు పెద్దల మాత్రలు విరిచి, నూరి, చేదు పొడిని తేనెలో రంగరించి పట్టేవాళ్లు. ఎంత లోపలికి వెళ్లిందో, ఎంత ఉమ్మేశాడో ఎవరికీ తెలిసేది కాదు. నీళ్లలో ఇట్టే కరిగే, పండ్ల రుచి ఉన్న, సరైన పాళ్లలో కలిపిన పిల్లల క్షయ మాత్రలు 2015 చివర్లోగాని రాలేదు. చేదు కప్పడం, చుక్కల్లో మోతాదు కుదర్చడం, ఫ్రిజ్ లేని ఇంట్లోనూ చెడని సిరప్ చేయడం ఎం ఫార్మసీ ప్రాజెక్టులకు చక్కటి విషయాలు. పొడిగా వచ్చే యాంటీబయోటిక్ సీసానే చూడండి. కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి, కుదిపి, నురుగు తగ్గాక గీత దాకా మళ్లీ నింపాలి. నురుగునే గీత అనుకుని ఆపేస్తే ప్రతి చెంచాలోనూ మందు ఎక్కువ పడుతుంది. ఇది చూపించడానికి షాపులో ఒక్క నిమిషం చాలు.

పదిహేనేళ్ల వాళ్ల సంగతి

పిల్లల ఆరోగ్యమంటే చంటిబిడ్డలతో ఆగిపోతాం. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లు పిల్లల డాక్టరుకీ పెద్దల డాక్టరుకీ మధ్య జారిపోతారు. కానీ మందుల షాపుకు ఒంటరిగా వచ్చేది వాళ్లే. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడే అమ్మాయికి గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయని చెప్పాలి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడే ఆడపిల్ల పెద్దదవుతున్నప్పుడు ఆ మందు సంగతి డాక్టరుతో మళ్లీ మాట్లాడమనాలి. తెల్లబడదామని స్టెరాయిడ్ క్రీము కొనే కుర్రాడిని ఆపాలి. హాస్టల్లో ఇన్‌హేలర్ వాడటానికి సిగ్గుపడే పిల్లాడికి పక్కకు పిలిచి ధైర్యం చెప్పాలి. గుట్టు కాపాడుతూ, తీర్పులు చెప్పకుండా మాట్లాడటం ఒక విద్య. దాన్ని మార్కుల కోసం కాకుండా మనుషుల మీద సాధన చేయించాలి.

ఆ వయసు పిల్లల అనుమతి ఎంత పెద్ద విషయమో ఖమ్మం జిల్లాకు తెలుసు. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. చాలామంది ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలు. అమ్మానాన్నలకు బదులు చాలా పత్రాల మీద వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని తర్వాత బయటపడింది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ చెప్పింది. అనుమతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, నేటికీ అవసరమైనదే. అయినా ఏళ్ల తరబడి దాని పేరు చెబితే భయపడే పరిస్థితి వచ్చింది. మందుల పరిశోధనలో ఉద్యోగాలకు వెళ్లే మన ఫార్మసీ విద్యార్థులు ఖమ్మం గురించి తప్పక చదవాలి.

ప్రభుత్వం ఇప్పటికే ఫార్మసిస్టును పిల్లల దగ్గరికి పంపింది కూడా. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్లే సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉంటారు. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదల ఆలస్యాలు వెతకడం వీళ్ల పని. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్రలో సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే ఉంది. దాన్ని టీతో వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదని, మలం నల్లగా వస్తే భయపడొద్దని చెప్పేవాళ్లు ఉంటే ఆ మాత్ర కిటికీలోంచి బయటికి పోదు. అయితే ఆ బృందాల్లో తిరిగే ఫార్మసిస్టుల్లో ఎంతమంది చదువుకునే రోజుల్లో ఒక బడిలో అడుగుపెట్టారు?

హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడింది ఒక షాపు అర మీద సీసా గురించే. చక్కెర నిండిన పానీయాలు ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మందుల షాపుల్లో అమ్ముడయ్యేవి. విరేచనాలైన బిడ్డకు అవి పడితే ఇంకా నీరు పోతుంది. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. ఆ సూత్రానికి సరిపోని పానీయాలు ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. ఆ సూత్రం కంఠతా వచ్చిన ఫార్మసీ పట్టభద్రులు వేలమంది ఆ అరల ముందే నిలబడి ఉన్నారు. వాళ్లకు గొంతునివ్వని చదువు మీదే నా బాధ.

కొత్త డిగ్రీలు పెట్టక్కర్లేదు. ఫార్మ్ డీ ఇంటర్న్‌షిప్‌లో పిల్లల విభాగంలో రెండు నెలలు తప్పనిసరి చేస్తే చాలా మారుతుంది. హైదరాబాద్ నీలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రులకు దాన్ని నేర్పేంత అనుభవం ఉంది. బ్రిటన్‌లో పిల్లల మోతాదులకే ప్రత్యేకమైన ఔషధ గ్రంథం 2005 నుంచి ఉంది, అమెరికాలో పిల్లల ఫార్మసిస్టులకు 2015 నుంచి ప్రత్యేక ధ్రువీకరణ ఉంది. మన పిల్లల వైద్య విభాగాలూ ఫార్మసీ విభాగాలూ కలిసి మన దగ్గర దొరికే సీసాలకు, మన పిల్లల బరువులకు, తెలుగులో ఒక మోతాదుల పుస్తకం తేవచ్చు. రెండేళ్ల డీ ఫార్మసీ వాళ్లను మాత్రం మర్చిపోకూడదు, ఊళ్లలో షాపుల్లో ఉండేది ఎక్కువగా వాళ్లే. వాళ్ల 500 గంటల శిక్షణలో కొన్ని గంటలైనా ఏరియా ఆసుపత్రి పిల్లల ఓపీ దగ్గర గడవాలి.

ఈ ఏడాది కౌన్సెలింగ్‌కు వెళ్లే పిల్లలు, వాళ్ల వెంట వెళ్లే అమ్మానాన్నలు కాలేజీ భవనం, బస్సు, ప్లేస్‌మెంట్ల గురించి అడిగాక ఇంకొన్ని కూడా అడగాలి. మీ అనుబంధ ఆసుపత్రి ఏది? అందులో పిల్లల వార్డు ఉందా, పసికందుల ప్రత్యేక విభాగం ఉందా? మా అమ్మాయి అక్కడ ఎన్ని వారాలు పనిచేస్తుంది? రౌండ్లలో ఆమె చెప్పింది వినే డాక్టరు ఎవరు? కిందటి ఏడాది మీ విద్యార్థులు అక్కడ పట్టుకున్న మోతాదు పొరపాట్లు రాసిపెట్టిన పుస్తకం ఉంటే ఒకసారి చూపిస్తారా?